బానెట్ ఎత్తినా కనపడని లో మౌంట్ సింగిల్ టర్బో: కొలతల నుంచి ట్యూన్ దాకా

టర్బో అంటే ఎగ్జాస్ట్ పొగ బలంతో తిరిగి ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి నెట్టేది, దాన్ని ఇంజిన్ పక్కన కింద పెడితే లో మౌంట్. అది వేయించాలనుకునేవాళ్లు మొదట అడిగేది ఎంత బూస్ట్ (టర్బో అదనంగా ఇచ్చే గాలి ప్రెషర్) వస్తుందని, ఆ వెంటనే ఎంత ఖర్చవుతుందని. టర్బోలోంచి ఆయిల్ సంప్‌లోకి (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి) ఎలా తిరిగెళ్తుందని అడిగేవాళ్లు చాలా తక్కువ. టర్బోని కిందకి దించాలని డిసైడ్ అయ్యాక పనిలో సగం ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే ఉంటుంది, మిగతా సగం వేడి. ఈ రెండూ కుదిరితే బూస్ట్ దానంతట అదే వస్తుంది. అందుకే ఈ గైడ్‌లో ఆయిల్ డ్రెయిన్ గురించి ఎక్కువ రాస్తున్నా, ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచేది) గురించి తక్కువ రాస్తున్నా.

టాప్ మౌంట్‌లో టర్బో హెడ్ ఎత్తులో, రాకర్ కవర్ పక్కనే కూర్చుంటుంది. బానెట్ ఎత్తగానే కళ్లకి కొడుతుంది, వేడి నేరుగా బానెట్ పెయింట్‌కి తగులుతుంది, ఆయిల్ మాత్రం హాయిగా కిందకి జారిపోతుంది. లో మౌంట్‌లో అంతా తిరగబడుతుంది. టర్బో ఎగ్జాస్ట్ పోర్టుల కింద, బ్లాక్ పక్కన దాక్కుంటుంది కాబట్టి పైన అంతా స్టాక్‌లా ఉంటుంది, బరువు కిందకి వస్తుంది, బ్రేక్ ఫ్లూయిడ్ బాటిల్‌కి గానీ వైరింగ్‌కి గానీ వేడి తక్కువ తగులుతుంది, కానీ ఆయిల్ జారడానికి ఎత్తు మిగలదు.

ఇక్కడ ఉదాహరణకి పాత హోండా సిటీ 1.5 వీటెక్ తీసుకుంటున్నా, అంటే 1493 సీసీ డి సిరీస్ ఇంజిన్, స్టాక్‌లో 106 హార్స్‌పవర్. దీని ఎగ్జాస్ట్ రేడియేటర్ వైపుకి ఉంటుంది, అందుకే లో మౌంట్‌కి బాగా సెట్ అవుతుంది. మీది వేరే బండైనా పద్ధతి ఇదే, కొలతలు మాత్రం మీవి మీరే తీసుకోవాలి.

ఒక విషయం ముందే చెప్పేస్తా. కనపడకుండా పెట్టడం అంటే నీట్‌గా పెట్టడం, అంతే. పోలీసులకి, ఆర్టీవోకి తెలియకుండా రోడ్డు మీద తిప్పడానికి కాదు. మోటార్ వెహికల్స్ యాక్ట్ సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ తర్వాత 182ఏ కింద ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ. పైగా యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ ఆపడానికి ఇది చాలు, అవతలి మనిషికి దెబ్బ తగిలితే ఆ భారం మీ నెత్తిన పడొచ్చు. కాబట్టి నేను రాసేదంతా ట్రాక్ బండి కోసం. బెంగళూరులో బిల్డ్ చేసుకుని, ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించి, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న ట్రాక్‌కో కోయంబత్తూరు కరి ట్రాక్‌కో తీసుకెళ్లే బండి అనుకోండి.

ముందు ఇంజిన్ బాగుందో లేదో చూడండి

ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు, థ్రాటిల్ ఫుల్‌గా తెరిచి కంప్రెషన్ టెస్ట్ చేయించండి. నాలుగు సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటితే ఇక్కడే ఆగిపోండి. వీలైతే లీక్‌డౌన్ టెస్ట్ (సిలిండర్‌లోకి గాలి నింపి ఎంత కారుతుందో చూసేది) కూడా చేయించండి, ఎందుకంటే రింగులు అరిగిన ఇంజిన్‌కి బూస్ట్ ఇస్తే బ్లోబై (రింగుల పక్కనుంచి కిందకి జారే గ్యాస్) పెరిగి క్రాంక్‌కేస్‌లో, అంటే పిస్టన్ల కింది భాగంలో, ప్రెషర్ వస్తుంది, ఆ ప్రెషర్ టర్బో ఆయిల్‌ని సంప్‌లోకి దిగనివ్వదు. అప్పుడు టర్బో కొత్తదైనా సైలెన్సర్‌లోంచి నీలం పొగ వస్తుంది, అందరూ టర్బో సీల్ పోయిందంటారు, టర్బో మారుస్తారు, మళ్లీ అదే పొగ. అసలు జబ్బు రింగుల్లో ఉంటుంది.

టర్బో సైజు, చిన్న లెక్క

మనం 0.5 బార్ దగ్గర ఆగుదాం. స్టాక్ పిస్టన్లు, స్టాక్ రాడ్లు ఉన్న ఇంజిన్‌కి, మన బంకుల్లో దొరికే పెట్రోల్‌కి అది మర్యాదైన నంబర్. లెక్క ఇలా: 1493 సీసీ, 6500 ఆర్‌పీఎం, వాల్యూమెట్రిక్ ఎఫిషియెన్సీ (సిలిండర్ నిజంగా ఎంత నిండుతుందన్నది) 85 శాతం అనుకుంటే నిమిషానికి సుమారు 4.1 క్యూబిక్ మీటర్ల గాలి ఇంజిన్ లోపలికి వెళ్తుంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది కాబట్టి ఇక్కడ గాలి ప్రెషర్ 101 కాదు, సుమారు 91 కిలోపాస్కల్. దానికి 0.5 బార్, అంటే 50 కలిపితే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో 141. ఇంటర్‌కూలర్ తర్వాత గాలి 45 డిగ్రీలుందనుకుంటే నిమిషానికి సుమారు 6.4 కిలోలు, అంటే 14 పౌండ్లు. పౌండుకి రఫ్‌గా 10 హార్స్‌పవర్ లెక్కన క్రాంక్ దగ్గర 140 వస్తుంది.

ప్రెషర్ రేషియో, అంటే టర్బోలోంచి బయటకొచ్చే ప్రెషర్ లోపలికి వెళ్లే ప్రెషర్‌కి ఎన్ని రెట్లన్నది కూడా చూడాలి. ఫిల్టర్ దగ్గర, ఇంటర్‌కూలర్ దగ్గర పోయే ప్రెషర్ కలుపుకుంటే బెంగళూరులో 1.6 దాటుతుంది, చెన్నైలో అదే 0.5 బార్‌కి 1.55 దగ్గర ఉంటుంది. అంటే ఒకే బూస్ట్ చూపించడానికి బెంగళూరులో టర్బో ఎక్కువ తిరగాలి. కంప్రెసర్ మ్యాప్ (టర్బో ఏ ప్రెషర్ దగ్గర ఎంత గాలి ఇస్తుందో చూపే చార్ట్) చూసేటప్పుడు చాలామంది సముద్రమట్టం లెక్కే వేస్తారు, మనూళ్లో అది తప్పు.

ఈ ఫ్లోకి గారెట్ టీ25 సైజు గానీ మిత్సుబిషి టీడీ04 సైజు గానీ సరిపోతుంది. శివాజీనగర్ గుజరీలో (పాత సామాన్ల బజారులో), జేసీ రోడ్ వెనక సందుల్లో డీజిల్ కార్ల టర్బోలు చవగ్గా దొరుకుతాయి, చూస్తే చేయి ఆగదు. వద్దు. డీజిల్ ఎగ్జాస్ట్ వేడి మామూలుగా 750-800 డిగ్రీల దగ్గర ఆగుతుంది, పెట్రోల్ బూస్ట్‌లో 900 దాటుతుంది. ఆ హౌసింగ్ లోహం దానికి చేసింది కాదు, వేరియబుల్ వేన్లు (లోపల కదిలే రెక్కలు) ఉన్నదైతే అవి కొన్నాళ్లకే బిగుసుకుపోతాయి. పెట్రోల్ బండికి వచ్చిన టర్బోనే తీసుకోండి, ఇంటర్నల్ వేస్ట్‌గేట్ (బూస్ట్ హద్దు దాటకుండా ఎగ్జాస్ట్‌ని పక్కకి వదిలే వాల్వ్) ఉన్నది, వీలైతే వాటర్ కూలింగ్ ఉన్నది. సెకండ్ హ్యాండ్ అయితే షాఫ్ట్ వేలితో పట్టుకుని అటూఇటూ కదపండి. పక్కకి కొంచెం కదిలితే పర్లేదు, ఆయిల్ లేనప్పుడు జర్నల్ బేరింగ్ (గుండ్లు లేకుండా ఆయిల్ పొర మీద తిరిగేది) అలాగే ఉంటుంది, కానీ బ్లేడ్ హౌసింగ్‌కి తగలకూడదు. ముందుకీ వెనక్కీ మాత్రం చేతికి తెలిసేంత ఆట ఉండకూడదు.

అన్నిటికన్నా ముందు: ఆయిల్ లెవెల్ గీత

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (టర్బోని హెడ్‌కి కలిపే గొట్టాలు) ఆర్డర్ పెట్టకముందే, ఒక్క ఫ్లాంజ్ (బోల్ట్‌లతో బిగించే మందపాటి ప్లేట్) కూడా కోయించకముందే ఈ పని చేయండి. బండిని సమానమైన నేల మీద పెట్టండి, డిప్‌స్టిక్ పై గీత దాకా ఆయిల్ ఉండేలా చూడండి. ఇప్పుడు ఆయిల్ డ్రెయిన్ బోల్ట్ స్థానంలో ఒక నిపుల్ బిగించి దానికి ట్రాన్స్‌పరెంట్ ట్యూబ్ తగిలించండి. బోల్ట్ తీసేటప్పుడు ఆయిల్ కారిపోతుంది కాబట్టి ముందు ఆయిల్ తీసేసి, నిపుల్ బిగించి, తర్వాత మళ్లీ పోసుకోవడం తేలిక. ట్యూబ్‌ని సంప్ పక్కనుంచి పైకి పట్టుకోండి, పైన ఆయిల్ ఫిల్లర్ మూత తెరిచి పెట్టండి. కాసేపట్లో ట్యూబ్‌లో ఆయిల్ సంప్‌లో ఉన్న ఎత్తుకే వచ్చి నిలబడుతుంది. ఆ ఎత్తు దగ్గర సంప్ ముందు గోడ మీద పెయింట్ మార్కర్‌తో అడ్డంగా గీత గీయండి. ఇక బిల్డ్ మొత్తం ఈ గీత నుంచే కొలవాలి.

టర్బో ఆయిల్ అవుట్‌లెట్ ఈ గీత కన్నా పైన ఉండాలి, డ్రెయిన్ పైపు సంప్‌లోకి దూరే చోటు కూడా ఈ గీత కన్నా పైనే ఉండాలి. అవుట్‌లెట్‌కీ గీతకీ మధ్య కనీసం 75 మిల్లీమీటర్లు నిలువుగా ఉంటే గ్రావిటీ మీద నడపొచ్చని నేను ఒప్పుకుంటాను, 100 ఉంటే నిశ్చింత. అంతకన్నా తక్కువైతే స్కావెంజ్ పంప్ (ఆయిల్‌ని లాగి సంప్‌కి పంపేది) పెట్టాల్సిందే, దాని సంగతి కింద వస్తుంది.

ఇంకోటి. ఎగ్జాస్ట్ ముందుకి ఉన్న ఇంజిన్‌లో డ్రెయిన్ సంప్ ముందు గోడలోకే వెళ్తుంది. ట్రాక్ మీద గట్టిగా బ్రేక్ కొడితే సంప్‌లో ఆయిల్ అంతా ముందుకే వచ్చి ఆ గోడ మీద ఎగబాకుతుంది, డ్రెయిన్ నోరు మునిగిపోతుంది, సరిగ్గా ఆ సెకనులో టర్బో లక్ష ఆర్‌పీఎం దగ్గర తిరుగుతూ ఉంటుంది. బ్రేకింగ్ జోన్‌లో మాత్రమే పొగ కొట్టే బండ్ల కథ చాలాసార్లు ఇదే. అందుకే బంగ్‌ని (పైపు బిగించడానికి వెల్డ్ చేసే ముక్కని) సంప్ ఫ్లాంజ్‌కి ఎంత దగ్గరగా వీలైతే అంత పైన వెల్డ్ చేయించండి, సంప్ ఎలాగూ విప్పారు కాబట్టి లోపల ఒక బ్యాఫుల్ ప్లేట్ (ఆయిల్ ఎగసిపడకుండా ఆపే అడ్డు) కూడా వేయించండి, వెల్డర్‌కి అరగంట పని.

మానిఫోల్డ్

డి సిరీస్‌కి రెడీమేడ్ కాస్ట్ ఐరన్ లాగ్ మానిఫోల్డ్‌లు (అన్ని పోర్టులూ ఒకే పొట్టి గొట్టంలో కలిసేవి) దొరుకుతాయి, టీ25 ఫ్లాంజ్‌తో. మీ కొలతలకి అది సెట్ అయితే అదే వాడండి, కాస్ట్ ఐరన్ వేడికి వంగదు, పగలడం తక్కువ, చూడ్డానికి కంపెనీ మానిఫోల్డ్‌లానే ఉంటుంది. కానీ కొనేముందు ఏసీ కంప్రెసర్ ఎక్కడుందో చూసుకోండి, అది కూడా ముందువైపే ఉంటుంది కాబట్టి కొన్ని మానిఫోల్డ్‌లతో రెండిట్లో ఒకటే పడుతుంది.

చేయించుకునేటట్టయితే పీణ్యాలో లేజర్ కటింగ్ చేసేవాళ్లు కావల్సినంతమంది ఉన్నారు. హెడ్ ఫ్లాంజ్ 12 మిల్లీమీటర్ల మందం తగ్గనివ్వొద్దు. గొట్టాలకి మామూలు కార్ సైలెన్సర్ పైపు పనికిరాదు, ఆవిరి లైన్లకి వాడే ఎల్బోలు, అంటే ఒకటింపావు అంగుళం షెడ్యూల్ 40 (గోడ మందం కొలత) ఎంఎస్, అంటే మామూలు ఉక్కు, ఎల్బోలు తీసుకోండి, బయటి వ్యాసం 42.2 మిల్లీమీటర్లు వస్తుంది. స్టెయిన్‌లెస్ కావాలంటే 304లో షెడ్యూల్ 10, కానీ అప్పుడు లోపలి నుంచి ఆర్గాన్ పర్జ్ చేస్తూ (గొట్టంలో ఆర్గాన్ గ్యాస్ నింపుతూ) టిగ్ వెల్డింగ్ చేసే మనిషి కావాలి. పర్జ్ లేకుండా చేస్తే లోపల వెల్డ్ ముద్దలుగా మాడుతుంది, ఆ ముక్క ఎప్పుడో ఊడి టర్బైన్ బ్లేడ్ల మీదకి వెళ్తుంది.

వెల్డర్ దగ్గరికి ఫ్లాంజ్ ఒక్కటే పట్టుకెళ్లకండి, పాత హెడ్ ఒకటి గుజరీ నుంచి తెచ్చి ఇవ్వండి. ఫ్లాంజ్ ఆ హెడ్‌కి బోల్ట్ చేసి ఉండగానే వెల్డ్ చేయాలి, చల్లారేదాకా విప్పకూడదు. ఎంత చేసినా కొంచెం వంగుతుంది, అందుకే చివర్లో ఫేస్ సర్ఫేస్ గ్రైండింగ్ చేయించండి. "అన్నా, గ్యాస్కెట్ వేస్తే సరిపోద్దిలే" అంటారు, సరిపోదు, ఒప్పుకోవద్దు. ఫ్లాంజ్‌ని పోర్టుల మధ్య సన్నగా కోయిస్తే వేడికి వ్యాకోచించడానికి చోటు దొరుకుతుంది, పగుళ్లు తగ్గుతాయి.

టర్బోని దాని చోట పెట్టి చూసుకునేటప్పుడు సెంటర్ హౌసింగ్ తిప్పి ఆయిల్ అవుట్‌లెట్ నిట్టనిలువుగా కిందకి చూసేలా పెట్టండి. కొంచెం పక్కకి వాలినా గారెట్ లెక్క ప్రకారం 35 డిగ్రీలు మించకూడదు, షాఫ్ట్ అడ్డంగా సమానంగా ఉండాలి, 15 డిగ్రీలు మించి వాలకూడదు. చోటు లేదని అవుట్‌లెట్ పక్కకి తిప్పేసే వాళ్లున్నారు, అది చేయడం కన్నా ఆ బిల్డ్ మానేయడం మేలు.

తర్వాత సపోర్ట్. లో మౌంట్‌లో టర్బో బరువంతా మానిఫోల్డ్‌కి వేలాడుతుంది, కింద డౌన్‌పైప్ (టర్బో నుంచి వెనక్కి వెళ్లే ఎగ్జాస్ట్ పైపు) కూడా లాగుతుంది. టర్బో నుంచి బ్లాక్‌కి ఒక బ్రేస్ వేయించండి. బ్లాక్‌కే, చాసిస్‌కి కాదు, ఎందుకంటే ఇంజిన్ మౌంట్ల మీద ఊగుతుంది, బాడీ ఊగదు, మధ్యలో ఇరుక్కున్న మానిఫోల్డ్ పగులుతుంది.

ఆయిల్ లైన్లు, పంప్, బ్రీతర్

ఆయిల్ ఫీడ్ ఈ ఇంజిన్‌లో వెనకాల ఆయిల్ ఫిల్టర్ దగ్గరున్న ప్రెషర్ స్విచ్ హోల్ నుంచి తీసుకుంటారు, టీ ఫిట్టింగ్ పెట్టి స్విచ్ కూడా అక్కడే ఉంచుతారు. ఆ హోల్ థ్రెడ్ 1/8 బీఎస్‌పీటీ, అంగుళానికి 28 చుట్లు. ఎస్పీ రోడ్‌లో చేతికి ముందు వచ్చేది 1/8 ఎన్‌పీటీ కావచ్చు, దానికి 27 చుట్లు. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, రెండు మూడు చుట్లు ఎక్కుతుంది కూడా, బలంగా తిప్పితే అల్యూమినియం థ్రెడ్ పోతుంది లేదా వేడిలో ఆయిల్ చిమ్ముతుంది. చిమ్మేది ఎగ్జాస్ట్ మీదకైతే మంటే. షాపువాడి మాట నమ్మకుండా థ్రెడ్ గేజ్ పెట్టి చూసుకోండి.

అక్కడి నుంచి మైనస్ 4 సైజు (హోస్ సైజు నంబర్) బ్రెయిడెడ్ పీటీఎఫ్ఈ, అంటే స్టీల్ అల్లిక ఉన్న టెఫ్లాన్, లైన్, దానికి ఫైర్ స్లీవ్ తొడిగి, గేర్‌బాక్స్ వైపు నుంచి ముందుకి తీసుకురండి. టర్బో బాల్ బేరింగ్ అయితే సుమారు 1 మిల్లీమీటర్ రెస్ట్రిక్టర్ (ఆయిల్ తగ్గించే సన్న రంధ్రం) వేయాలి. జర్నల్ బేరింగ్‌కి అంత సన్నం రంధ్రం పెడితే ఆయిల్ చాలదు, దానికి టర్బో తయారీదారు చెప్పిందే ఫాలో అవ్వండి.

డ్రెయిన్‌కి మైనస్ 10 సైజు, అంటే సుమారు 16 మిల్లీమీటర్లు. టర్బోలోంచి బయటకొచ్చే ఆయిల్ ప్రెషర్‌తో రాదు, గాలి కలిసి నురగగా, తన బరువు మీద తాను జారుతుంది. కాబట్టి పైపులో ఒక్క చోట కూడా మెలిక గానీ, కిందకి దిగి మళ్లీ పైకి ఎక్కే వంపు గానీ ఉండకూడదు. బిగించాక కింద పడుకుని టార్చ్ వేసి పైపు వెంబడి వేలు పెట్టి చూడండి, వేలు ఎప్పుడూ కిందకే వెళ్తూ ఉండాలి.

ఎత్తు చాలకపోతే స్కావెంజ్ పంప్. ట్రాన్స్‌ఫర్ పంపులు, నీళ్ల పంపులు పనికిరావు, వేడి ఆయిల్ కోసం చేసిన ఎలక్ట్రిక్ గేర్ పంపే కావాలి. టర్బో అవుట్‌లెట్ కింద గ్లాసంత చిన్న ట్యాంక్, దాని కింది నుంచి మెష్ స్ట్రెయినర్ దాటి పంప్‌కి, పంప్ నుంచి సంప్‌కి గానీ రాకర్ కవర్‌కి గానీ. పంప్‌ని ఇగ్నిషన్ రిలేతో నడపండి, ఇంజిన్ ఆపాక ఇంకో 30 సెకన్లు తిరిగేలా టైమర్ పెట్టండి, లేకపోతే పైన లైన్లో మిగిలిన ఆయిల్ టర్బోలోకి దిగి, పొద్దున్నే స్టార్ట్ చేయగానే వీధంతా పొగ అవుతుంది. దీనికి ఫీడ్ లైన్‌లో చెక్ వాల్వ్ కూడా ఉంటే ఇంకా మంచిది. పంప్ అవుట్‌లెట్‌లో ఒక ప్రెషర్ స్విచ్, డాష్‌బోర్డ్ మీద ఎర్ర లైట్ తప్పనిసరి. పంప్ ఆగిపోయిందని డ్రైవర్‌కి తెలియకపోతే మిగతా కష్టమంతా దండగ.

బ్రీతర్ మర్చిపోవద్దు. స్టాక్ పీసీవీ వాల్వ్ (క్రాంక్‌కేస్ గ్యాస్‌ని ఇన్‌టేక్‌లోకి పంపేది) బూస్ట్‌ని వెనక్కి క్రాంక్‌కేస్‌లోకి వదలకుండా గట్టి చెక్ వాల్వ్ వేయండి. రాకర్ కవర్ నుంచి, వీలైతే బ్లాక్ నుంచి కూడా, లావు పైపులతో క్యాచ్ క్యాన్‌కి (ఆ గ్యాస్‌లోని ఆయిల్‌ని పట్టే డబ్బాకి), అక్కడి నుంచి టర్బో ముందున్న ఇన్‌టేక్‌కి కలపండి. క్రాంక్‌కేస్‌లో ప్రెషర్ లేకపోతేనే పైన చెప్పిన డ్రెయిన్ పనిచేస్తుంది.

వేడి

టర్బో ఇప్పుడు రేడియేటర్‌కీ బ్లాక్‌కీ మధ్య ఇరుకు సందులో ఉంది. టర్బైన్ హౌసింగ్ ఎర్రగా కాలుతుంది, పక్కనే రేడియేటర్ కింది గొట్టం, ఫ్యాన్ ప్లాస్టిక్, ఆల్టర్నేటర్ వైర్లు, సంప్ గ్యాస్కెట్. హౌసింగ్‌కి బ్లాంకెట్ తొడగండి, మానిఫోల్డ్‌కి సిరామిక్ కోటింగ్ చేయించండి. చవగ్గా ఉందని ఎంఎస్ మానిఫోల్డ్‌కి వ్రాప్ చుడితే లోపల తేమ పట్టి తుప్పు తినేస్తుంది, ఎక్కడ పగిలిందో కూడా కనపడదు. నాకు బాగా నమ్మకం ఉన్నది షీట్ మెటల్ షీల్డ్: 1 మిల్లీమీటర్ స్టెయిన్‌లెస్ షీట్, వేడి వస్తువుకీ షీల్డ్‌కీ మధ్య 10-15 మిల్లీమీటర్ల గాలి సందు. ఆ సందే పనిచేస్తుంది, షీట్ అంటుకుంటే ప్రయోజనం లేదు. పైగా పైన ఈ షీల్డ్ ఉంటే బానెట్ ఎత్తినవాడికి కంపెనీ హీట్ షీల్డే కనపడుతుంది.

రేడియేటర్ ఫ్యాన్‌ని సన్నటిది ముందువైపుకి మార్చాల్సి రావచ్చు. వాటర్ కూల్డ్ టర్బో అయితే ఇంజిన్ ఆపాక కూడా వేడికి నీళ్లు వాటంతటవే తిరిగేలా అవుట్‌లెట్ లైన్‌ని ఎప్పుడూ పైకి తీసుకెళ్లండి.

డౌన్‌పైప్, కింద జాగా

డౌన్‌పైప్ టర్బో నుంచి సంప్ కిందుగా వెనక్కి వెళ్తుంది, రెండున్నర అంగుళాలు ఈ పవర్‌కి చాలు. మధ్యలో ఫ్లెక్స్ బెలో తప్పనిసరి. బండిని ట్రాక్‌కి తోలుకెళ్లరు కాబట్టి స్పీడ్ బ్రేకర్ల బాధ లేదనుకుంటారు, కానీ ఫ్లాట్‌బెడ్ ర్యాంప్ ఎక్కేటప్పుడు ముందు చక్రాలు ర్యాంప్ మీదకి ఎక్కగానే సరిగ్గా ఈ డౌన్‌పైప్ వంపే ర్యాంప్ అంచుకి తగులుతుంది. సంప్ కన్నా కిందకి ఏదీ వేలాడకుండా చూడండి. కింద 3 మిల్లీమీటర్ల అల్యూమినియం ప్లేట్ వేయండి, ఆయిల్ కారితే నిలవకుండా కనపడేలా హోల్స్ పెట్టండి. ట్రాక్ మీద వాన నీళ్లు నిలిచినప్పుడు ఎర్రగా కాలిన హౌసింగ్ మీదకి నేరుగా చిమ్మితే క్యాస్టింగ్ పగలొచ్చు, ఆ ప్లేట్ దాన్ని కూడా ఆపుతుంది.

వైడ్‌బ్యాండ్ సెన్సర్ (ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ కొలిచి గాలి-పెట్రోల్ పాళ్లు చెప్పేది) బంగ్ టర్బో తర్వాత 60-90 సెంటీమీటర్ల దూరంలో, పైపు పైభాగాన ఉండాలి. లో మౌంట్‌లో పైన చోటు లేదని కింద పెడతారు, అప్పుడు నీటి బిందువులు సెన్సర్‌లో నిలిచి అది చచ్చిపోతుంది.

ఇంటర్‌కూలర్, పైపింగ్

బంపర్ వెనక పట్టేంత చిన్న ఫ్రంట్ మౌంట్ చాలు, నల్ల పెయింట్ పలచగా కొట్టండి, కనపడదు. పైపులు 2 అంగుళాలు, చివర్లు బీడ్ రోల్ చేసినవి (హోస్ జారకుండా చుట్టూ ఉబ్బు పెట్టినవి), సిలికాన్ హోస్‌కి టీ బోల్ట్ క్లాంపులు. డంప్ వాల్వ్ (థ్రాటిల్ మూసినప్పుడు బూస్ట్ వదిలేది) బయటకి ఊదేది కాకుండా మళ్లీ ఇన్‌టేక్‌లోకి వదిలేది పెట్టండి, శబ్దం ఉండదు. దీంట్లో అంతకుమించి చెప్పడానికేం లేదు.

ఫ్యూయల్, ఈసీయూ

సముద్రమట్టం దగ్గర ఇదే సెటప్ 150 హార్స్‌పవర్ దాకా వెళ్తుంది కాబట్టి ఇంజెక్టర్ లెక్క దానికి వేయండి: 80 శాతం డ్యూటీకి (ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయానికి) ఒక్కోటి నిమిషానికి సుమారు 300 సీసీ. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే వస్తోంది, అదే శక్తికి ఇంకొంచెం ఎక్కువ పెట్రోల్ కావాలి, అందుకే 360 నుంచి 410 సీసీ మధ్య తీసుకోండి. కొత్త ఇంజెక్టర్ల రెసిస్టెన్స్ మల్టీమీటర్‌తో చూడండి. 12 ఓమ్స్ దగ్గరుంటే నేరుగా తగిలించొచ్చు, 2-3 ఓమ్స్ ఉంటే రెసిస్టర్ బాక్స్ లేకుండా పెడితే ఈసీయూలో (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌లో) వాటిని నడిపే డ్రైవర్ సర్క్యూట్లు కాలిపోతాయి. ఫ్యూయల్ పంప్ గంటకి 255 లీటర్లది, రెగ్యులేటర్ బూస్ట్‌తో పాటు ఒకటికొకటి ప్రెషర్ పెంచేది ఉండాలి.

స్టాక్ ఈసీయూకి బూస్ట్ అంటే తెలియదు, మ్యాప్ సెన్సర్ (ఇన్‌టేక్ మానిఫోల్డ్ ప్రెషర్ కొలిచేది) వాతావరణం కన్నా ఎక్కువ చూపించగానే ఎర్రర్ వేస్తుంది. కాబట్టి స్టాండలోన్ ఈసీయూ (స్టాక్ దాని బదులు పెట్టి మనమే ట్యూన్ చేసేది), 3 బార్ మ్యాప్ సెన్సర్ కావాలి, ఇన్‌టేక్ టెంపరేచర్ సెన్సర్ ఇంటర్‌కూలర్ తర్వాత పెట్టాలి. స్పార్క్ ప్లగ్గులు ఒక స్టెప్ చల్లనివి, ఎన్‌జీకేలో 6 నుంచి 7కి, గ్యాప్ 0.7 మిల్లీమీటర్లు. ఎక్కువ గ్యాప్ ఉంటే బూస్ట్‌లో స్పార్క్ ఆరిపోతుంది. పెట్రోల్ కనీసం 95 ఆక్టేన్, ట్రాక్ రోజున 100 ఆక్టేన్ దొరికితే అదే పోయించండి, కానీ ట్యూన్ కూడా దానికే చేయాలి.

మొదటి స్టార్ట్

టర్బో ఆయిల్ ఇన్‌లెట్‌లో ఇంజిన్ ఆయిల్ పోసి చేత్తో షాఫ్ట్ తిప్పండి. ఇంజెక్టర్ల కనెక్టర్లు, ఇగ్నిషన్ తీసేసి, డ్రెయిన్ పైపుని సంప్ దగ్గర విప్పి ఒక బాటిల్‌లో పెట్టి సెల్ఫ్ కొట్టండి. ఒక్కోసారి 10 సెకన్లు మించొద్దు, స్టార్టర్ వేడెక్కుతుంది. బాటిల్‌లోకి ఆయిల్ వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు. వచ్చాక డ్రెయిన్ బిగించి స్టార్ట్ చేసి ఐడిల్‌లో వదిలేయండి. కోటింగ్, పెయింట్ కాలి తెల్లటి పొగ కాసేపు వస్తుంది, అది మామూలే. సైలెన్సర్ లోంచి నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఆపేసి డ్రెయిన్ దగ్గరికి వెళ్లండి. పూర్తిగా వేడెక్కి, మళ్లీ పూర్తిగా చల్లారాక మానిఫోల్డ్ నట్లన్నీ మరోసారి టార్క్ చేయండి, కచ్చితంగా కొన్ని వదులవుతాయి.

బెంగళూరు ట్యూన్ చెన్నైలో చెల్లదు

డైనో (బండిని నిలబెట్టి పవర్ కొలిచే మెషిన్) మీద వేస్ట్‌గేట్ స్ప్రింగ్ 0.5 బార్‌కి, బూస్ట్ కంట్రోలర్ లేకుండా మొదలుపెట్టండి. గాలి-పెట్రోల్ నిష్పత్తి నంబర్‌ని కాకుండా లాంబ్డా (1 అంటే గాలి, పెట్రోల్ సరిగ్గా సరిపోయాయి, తగ్గితే పెట్రోల్ ఎక్కువ) చూడండి, ఎందుకంటే ఇథనాల్ శాతం మారితే ఆ నిష్పత్తి అర్థం మారిపోతుంది, లాంబ్డా మారదు. ఫుల్ బూస్ట్‌లో 0.80 దగ్గర ఉంచండి. టైమింగ్ (స్పార్క్ ఎంత ముందు పడాలన్నది) స్టాక్ నుంచి బూస్ట్ ప్రతి పీఎస్ఐకి ఒక డిగ్రీ తగ్గించి మొదలుపెట్టి, నాక్ (పెట్రోల్ తప్పుగా పేలే టక్ టక్ శబ్దం) వింటూ అక్కడి నుంచి జాగ్రత్తగా పైకి వెళ్లండి.

ఇప్పుడు బండిని హోసూరు, కృష్ణగిరి, వేలూరు మీదుగా సుమారు 300 కిలోమీటర్లు కిందకి దించారనుకోండి. వేస్ట్‌గేట్‌కి తెలిసేది బయటి గాలి కన్నా ఎంత ఎక్కువ అన్నదే. ఇక్కడ 91కి 50 కలిపి 141 చూసిన ఇంజిన్, అక్కడ 101కి 50 కలిపి 151 చూస్తుంది. గేజ్ మీద మాత్రం అదే 0.5. దానికి తోడు చెన్నై ఎండ, ఇన్‌టేక్ టెంపరేచర్ ఇంకా పైకి. బెంగళూరులో హాయిగా నడిచిన టైమింగ్ అక్కడ నాక్ అవుతుంది, పిస్టన్ రింగ్ ల్యాండ్ (రింగుల మధ్య గట్టు) విరిగేది ఇలాంటి చోటే. అందుకే డైనో మీదే ఈసీయూ మ్యాప్‌లో (ట్యూన్ టేబుల్‌లో) 150, 160 కిలోపాస్కల్ వరసలు ఖాళీగా వదలకుండా, బెంగళూరులో ఎప్పటికీ తాకకపోయినా, టైమింగ్ ఇంకా తగ్గించి, పెట్రోల్ పెంచి నింపి పెట్టించండి. ఇన్‌టేక్ 50 డిగ్రీలు దాటితే టైమింగ్ ఇంకా వెనక్కి లాగే టేబుల్ కూడా. 165 దాటితే ఫ్యూయల్ కట్. ట్రాక్‌కి వెళ్లాక పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు కాకుండా, మధ్యాహ్నం సెషన్‌లో ల్యాప్‌టాప్ లాగ్ చూసి ఫైనల్ చేయండి.

మొదటి సెషన్ నాలుగైదు ల్యాపులకి మించొద్దు. పిట్‌లోకి వచ్చి రెండు నిమిషాలు ఐడిల్‌లో పెట్టి ఆపండి. చేయి పెట్టగలిగేంత చల్లారాక కింది ప్లేట్ విప్పి డ్రెయిన్ చుట్టూ తడి ఉందేమో, బ్రేస్ బోల్ట్ కదిలిందేమో, రేడియేటర్ కింది గొట్టం మెరుపు పోయి మాడినట్టుందేమో చూడండి. ఇంటర్‌కూలర్ వైపు గొట్టం ఒకటి విప్పి లోపల వేలు పెట్టండి. సన్నటి ఆయిల్ పొర ఉంటే అది బ్రీతర్‌ది, పర్లేదు, కారేంత ఉంటే డ్రెయిన్ నిలిచిపోతోందని అర్థం, రెండో సెషన్‌కి వెళ్లకుండా బండిని ఫ్లాట్‌బెడ్ ఎక్కించండి. అంతా పొడిగా ఉంటే ఆ రోజు అయ్యాక ఆయిల్, ఫిల్టర్ మార్చి, పాత ఫిల్టర్ కోసి కాగితం మడతల్లో మెరిసే లోహపు పొడి ఉందేమో చూసుకుని, తర్వాతి ట్రాక్ డే బుక్ చేసుకోండి.